ఏడవని పిల్ల

పొద్దున్నే ఆ ఇల్లు సంతలా ఉంటుంది. నోట్లో పిన్నులు పెట్టుకుని జడ బిగించుకుంటూనే తల్లి నాలుగేళ్ల కూతురికి జాగ్రత్తలు చెబుతోంది.

"అత్త మాట వినాలి. అల్లరి చేయకూడదు. ఏడవకుండా ఉంటే సాయంత్రం ఏమొస్తుంది?"

"స్టిక్కరు," అంది బుడ్డది, పాలమీగడను వేలితో తీసి గ్లాసు అంచుకు పూస్తూ.

ఈ స్టిక్కర్ల కిటుకు ఆమె పనిలో పట్టుకున్నది. ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. సూది చూడగానే పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా కేకలు పెడతారు. ఏడవకపోతే స్టిక్కరు అంటే చాలు, పెదవి బిగబట్టి చెయ్యి చాపుతారు. ఈమె చేతివాసి మంచిదని తల్లులందరూ మెచ్చుకుంటారు. ఇంట్లోనూ అదే మొదలుపెట్టింది. ఇప్పుడు బీరువా తలుపు నిండా ఏనుగులూ సీతాకోకచిలుకలే.

పిల్లను చూసుకునేది ఆడపడుచు. భర్త పోయాక తమ్ముడి పక్క వాటాలోనే ఉంటూ బట్టలు కుడుతోంది. అదే పైమనిషైతే ఇంటికి చెప్పాపెట్టకుండా వచ్చి చూసేవాళ్లు, గంటకోసారి ఫోన్ చేసి ప్రాణం తీసేవాళ్లు. సొంత మనిషిని ఏమని అడుగుతాం? "నామీద నమ్మకం లేదా మరదలా" అంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? మొహమాటాన్ని మించిన జబ్బు లేదు. ఖర్మ, దానికి ఏ ల్యాబులోనూ పరీక్ష లేదు.

ఆ రోజు ల్యాబులో యంత్రం మొరాయించింది. మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసరికి తలుపుకి తాళం. పిల్లను తీసుకుని వదిన ఎటో వెళ్లి ఉంటుందిలే అనుకుని తన తాళంచెవితో తీసింది. గుమ్మం పక్కనే బుడ్డదాని చెప్పులున్నాయి.

"బుడ్డీ!"

పలుకు లేదు. వంటింట్లో లేదు, మంచం కింద లేదు. బాత్రూంకి బయట గడియ పెట్టి ఉంది. గడియ లాగింది. లోపల చీకటి. బోర్లించిన బకెట్టు మీద, తడిసిన గౌనుతో కూతురు ముడుచుకుని కూర్చుంది. వెలుగుకి కళ్లు చిట్లించింది.

"నేను ఏడవలేదమ్మా. స్టిక్కరు ఇస్తావా?"

తల్లి పిల్లను గుండెకు అదుముకుని భర్తకు ఫోన్ చేసింది. ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. బస్సు డ్రైవరు ఆయన, డ్యూటీ ఇంకొకరికి అప్పగించి పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే ఖాళీ సంచీతో అక్కగారూ వచ్చింది.

"కుట్టిన బట్టలు ఇచ్చి రావాలి కదా! పిల్లనేసుకుని రోడ్డు దాటమంటావా?" అంది ఆమె, తప్పు చేసినట్టే లేకుండా. "వంటింట్లో గ్యాసుంది, బాల్కనీ ఉంది. బాత్రూంలో అయితే పడేది లేదు, కాలేది లేదు. జాగ్రత్త కోసమే పెట్టా!"

"రోజూనా వదినా?"

"పనున్నప్పుడే." ఆమె కళ్లు దించుకుంది. "మొదట్లో తలుపు బాదేది. ఏడ్చిన రోజు ఇంకాసేపు ఉంచేదాన్ని. తర్వాత్తర్వాత అదే అలవాటు పడింది."

"పోనీలేవే," అన్నాడు భర్త, ఇద్దరి మధ్యా నలిగిపోతూ. "అక్కకి పిల్లల్ని పెంచడం తెలీదా? అమ్మ పనికెళ్తే నన్ను పెంచింది తనే. నన్నూ ఇలాగే లోపల పెట్టేది. నేనేమైనా చచ్చానా?"

"అందుకేనా, నువ్వు ఇప్పటికీ బాత్రూంలో గడియ పెట్టుకోవు?"

ఆయన అక్క వైపు తిరిగాడు. "లైటన్నా వేసి వెళ్లేదానివి కాదక్కా," అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో.

అక్క అక్కడే కూలబడింది. "నాకప్పుడు పదేళ్లురా! నిన్నెవరికి అప్పగించి బడికెళ్లను? నాకు తెలిసిన జాగ్రత్త అదొక్కటేరా!"

వదినను అనడానికి తల్లికి మాత్రం ఏం ముఖం ఉంది? రోజూ సాయంత్రం వచ్చి "ఏడ్చిందా వదినా?" అని అడిగింది. ఏడ్చిందని చెప్పిన రోజు పిల్లకు స్టిక్కరు మానేసింది. ఎందుకు ఏడ్చావమ్మా అని ఒక్కనాడైనా అడిగిందా? వదిన పెట్టింది బయటి గడియ. లోపలిది కన్నతల్లే పెట్టింది.

భర్త స్క్రూడ్రైవరు తెచ్చి బాత్రూం గడియ విప్పడం మొదలుపెట్టాడు. మరలు తుప్పుపట్టి కదలడం లేదు. పళ్లు బిగించి తిప్పుతూనే ఉన్నాడు. అక్క గోడకి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు, ఊరుకోమనీ అనలేదు.

తల్లి పిల్లకు గౌను మార్చి, ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఏడువమ్మా. ఎంత గట్టిగా ఏడవాలనుంటే అంత గట్టిగా ఏడువు. నా తల్లివి కదూ, ఎవరూ ఏమీ అనరు."

బుడ్డది తల్లి మొహం చూసింది. తలుపు వైపు చూసింది. పెదవి వణికింది గానీ ఏడుపు మింగేసింది. అది చూసి తల్లి ఇక ఆగలేకపోయింది. పొంగుకొచ్చిన దుఃఖంతో ఘొల్లుమంది.

బుడ్డది కంగారుగా లేచి నిలబడి, చిన్న అరచేత్తో అమ్మ నోరు మూసేసింది.

"ష్! ఏడవకమ్మా," అంది చెవిలో గుసగుసగా. "అత్త వింటే నిన్నూ లోపల పెట్టేస్తుంది."