మామ అనొద్దు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్కటే. విమానంలో వెనక్కి తిరిగి ఒక అమ్మాయిని "అక్కా" అన్నాను.

అనక ఏం చేయను? ఢిల్లీలో ఎక్కింది మొదలు వెనక సీటు నుంచి నా నడుం మీద ఒకటే తన్నులు. అసలే నాకది మొదటి విమాన ప్రయాణం. చూస్తే మూడేళ్ల బుడ్డోడు, ఐదేళ్ల పాప, వాళ్ల మధ్య జడ ఊడిపోయిన అమ్మాయి. అంతకుముందే "కుదురుగా కూర్చోరా" అని వాణ్ని గదమాయిస్తుంటే విన్నాను, మనవైపు మాటే.

"అక్కా, మీ పిల్లోడు తంతాండాడు. కొంచెం చూడక్కా."

ఆమె కళ్లెర్రజేసింది. "ఎవరికప్పా అక్క? నాకు ఇరవై రెండు. వీళ్లు మా అక్క పిల్లోళ్లు. నాకింకా పెండ్లే కాలేదు."

"అయ్యో, సారీ అండీ."

"పర్వాలేదులే, అన్నా!"

ఆ "అన్నా"లో గుంటూరు కారమంతా ఉంది. అప్పుడే సరిగ్గా చూశాను ఆమెను. చూశాక, ఆ మాట ఎందుకన్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

నా పక్క సీటు ఖాళీ. తన్నిన బుడ్డోడు సోనూ వచ్చి అందులో కూర్చున్నాడు. ఇక సీట్ల సందులోంచి మాటలు సాగాయి. ఆమె పేరు అరుణజ్యోతి, ఊరు కళ్యాణదుర్గం. బావ మిలిటరీలో ఉన్నాడు. అక్కకు నెలలు నిండాయని పిల్లల్ని ఊరికి తీసుకెళ్తోంది.

"మా అమ్మ సోనూగాణ్ని ఇంకా చూడనేలేదన్నా. వీళ్లకు అంతా హిందీనే, తెలుగు అరకొర. ఒక్కసారి అవ్వా అని పిలిపించుకోవల్ల అని ఫోన్లో ఏడ్చినాది." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కారం లేదు. నాకు ఆమె ఇంకా నచ్చింది.

మేఘాల మీదే పాఠం మొదలైంది.

"అమ్మవాళ్లమ్మ అవ్వ. అవ్వ మొగుడు తాత. అమ్మ తమ్ముడు మామ. నేను చిన్నమ్మ. నేను పెండ్లి చేసుకుంటే ఆయప్ప చిన్నాయన."

"చిన్నాయన కహా హై?" అంది ఐదేళ్ల పాప పింకీ.

"యాడుండాడో ఏమో! ఇంకా దొరకలేదు."

నా గుండె ఒక్క దూకు దూకింది. అంతలో పింకీ నావైపు వేలు చూపించింది.

"ఈయప్పా? నన్ను అక్కా అన్నాడు కదా. చిన్నమ్మ తమ్ముడు మీకేమైతాడు? మామ!"

"మామా! మామా!" అని పిల్లలిద్దరూ చప్పట్లు. వచ్చిన ఆశ వచ్చినట్టే పోయింది.

జ్యోతి కిటికీలోంచి కిందికి చూసింది. "ఇన్ని మబ్బులు ఈడ పెట్టుకోని మన మీద ఒక్క చుక్క రాల్చవు, చూడన్నా."

"మా బెళుగుప్పకు రావాల్సినవి కూడా ఈడే ఉన్నట్లుండాయి," అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు చివర కూడా "అన్నా" ఉంది.

విమానం బెంగళూరులో దిగుతుంటే సోనూ చెవులు పట్టుకుని గుక్కపెట్టి ఏడ్చాడు. జ్యోతి భయపడిపోయింది. నేను బ్యాగులోంచి శెనక్కాయల చిక్కీ తీసి, చిన్న ముక్క వాడి నోట్లో పెట్టాను. "నములు నాయనా, చెవులు వదుల్తాయి." నమిలాడు. ఏడుపు ఆగింది. నా మెడ చుట్టూ చేతులు వేసి పడుకున్నాడు.

"శెనక్కాయలు పండే సీమకు ఢిల్లీ నుంచి శెనక్కాయలు మోస్తాండావా అన్నా?" అంది, కళ్లు తుడుచుకుంటూనే.

బెంగళూరు నుంచి కళ్యాణదుర్గం బస్సులోనూ వాడు నన్ను వదల్లేదు. బస్టాండులో ఆమె దిగిపోతుంది, నేను బెళుగుప్ప బస్సు ఎక్కాలి. ఆలోపు చెప్పాలి, నేను నీకు అన్నను కానని. పావగడ దాకా మాటలు కూడగట్టుకున్నాను. ఆ తర్వాత, సిగ్గులేకుండా, నిద్రపోయాను.

లేచేసరికి కళ్యాణదుర్గం బస్టాండు, సాయంకాలం ఎండ. జ్యోతి అమ్మ నాగలక్ష్మమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. పింకీ ఆమెను చూసి, చిన్నమ్మను చూసి, "అవ్వా!" అంది. అంతే, ఆ పెద్దామె పాపను వాటేసుకుని అక్కడే కూలబడి ఏడ్చేసింది.

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, నా భుజం మీది సోనూను చూసింది. "ఈ అబ్బయ్య ఎవరే పాపా?"

అయిపోయింది, ఇప్పుడు పాప "మామ" అంటుంది అనుకున్నాను.

"చిన్నాయన!" అంది పింకీ.

జ్యోతి గబుక్కున అటు తిరిగి బ్యాగు సర్దుకోసాగింది.

"మామ నహీ," అని పింకీ నాకే నేర్పింది. "నువ్వు బస్సులో కళ్లు మూసుకుని సోయా కదా, అప్పుడు చిన్నమ్మ చెప్పింది. మామ అనొద్దు, చిన్నాయన అను."

జ్యోతి చెవులు ఎర్రబడ్డాయి. నాగలక్ష్మమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. "ఎవరి కొడుకువప్పా నువ్వు?"

"బెళుగుప్ప ఆదెన్న కొడుకును. దివాకర్ నా పేరు."

"ఆదెన్నా? మనోళ్లే కదా! అయితే పాప చెప్పేది..."

పొద్దున్నుంచీ వరసలు తప్పుతూనే ఉన్నాను. ఈసారి తప్పదలచుకోలేదు.

"పాప చెప్పింది నిజమే, అత్తా."

పెద్దామె కళ్లు పెద్దవి చేసింది. తర్వాత కిసుక్కున నవ్వింది. "ఆదివారం మీ అమ్మానాయనను తోడుకోని రా. ముందు పిల్లోణ్ని ఇయ్యి, చెయ్యి పడిపోయింటాది."

సోనూ నా కాలరు వదల్లేదు. వాడి వేళ్లు ఒక్కొక్కటే విడిపించడానికి జ్యోతి దగ్గరికొచ్చింది.

"బెళుగుప్ప బస్సు కదుల్తాండాది, పో. ఎక్కు," అంది నెమ్మదిగా.

చెవులు రిక్కించి విన్నాను. ఈసారి మాట చివర "అన్నా" లేదు.