వెండి నాణెం మీద ఎర్ర చుక్క

శనివారం ఉదయం 10:10. హాంబర్గ్ రేవు పక్కన ఓ చిన్న నాణేల మ్యూజియం.

ఏడో నంబరు గూట్లో నాణెం ఉంది. అసలుది కాదని క్యూరేటర్ హెల్గా మొత్తుకుంటోంది. రెండు వేల ఏళ్ల రోమన్ వెండి. నల్లగా ఉండాలి. ఇది తళతళలాడుతోంది. ఎవరో నకిలీ పెట్టి, అసలుది ఎత్తుకెళ్లారు.

11:30కి ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్ జగన్మోహన్ వానలో తడుస్తూ వచ్చాడు. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద ఆరేళ్లుగా ఇక్కడే. ఒంటికాయ శొంఠికొమ్ము.

తాళాలు ముగ్గురి దగ్గరే. హెల్గా. నాణేలు బాగుచేసే డీటర్. పార్ట్‌టైమ్‌లో కేటలాగు రాసే మాస్టర్స్ స్టూడెంట్ రుచిత. గుమ్మడికాయ దొంగంటే ముగ్గురిలో ఎవరూ భుజాలు తడుముకోలేదు. కానీ నిన్న చివర తాళం వేసింది రుచితే. సోమవారం ఆమె మీద కేసు పెడతానంది హెల్గా. కేసు పడితే వీసా రెన్యువల్ గల్లంతే.

జగన్మోహన్ భూతద్దం తీశాడు. ఒకవైపు చక్రవర్తి తల. రెండోవైపు కుర్చీలో ఒక స్త్రీ, చేతిలో కొమ్మ. ఆమె నుదుటి గీతలో ఎర్రటి పొడి.

అది కంసాలులు వాడే పాలిష్ పొడి అన్నాడు డీటర్. నకిలీ చేసినవాడు తుడవడం మరిచాడట.

బరువు 3.7 గ్రాములు. రిజిస్టర్లోనూ అంతే. అంచున పగులు పాత ఫోటోలోనూ ఉంది. మంచి అచ్చు తీస్తే పగులూ వస్తుందంది హెల్గా.

జగన్మోహన్ పొడిని పుల్లతో కాగితం మీదికి తీశాడు. బల్ల మీది టీ పళ్లెంలోని నిమ్మబద్ద దానిపై పిండాడు.

ఎరుపు పసుపుపచ్చగా మారింది.

"పాలిష్ పొడి రంగు మారదు. ఇది పసుపూ సున్నం కలిపి చేసిన కుంకుమ. పులుపు తగిలితే మళ్లీ పసుపే. నకిలీకి బొట్టు పెట్టే దొంగ ఉండడు మేడమ్. ఇది మీ నాణెమే. తోమారంతే."

రుచిత తల దించుకుంది. జగన్మోహన్ తెలుగులోకి మారాడు.

"దేంతో తోమావమ్మా?"

"విబూదితో సార్. నిన్న శుక్రవారం. నా రూంల దేవుని పటం గూడ లేదు. ఈమె లక్ష్మిలెక్క కనవడ్డది. నల్లగ, ఒక్కతే కూసున్నది. చూడబుద్ధి కాలె."

అతను జర్మన్‌లో చెప్పాడు. హెల్గా నాణేన్ని మళ్లీ గూట్లో పెట్టింది. పోయిన నలుపు తిరిగి రాదు. రుచితను రేపటి నుంచి రావొద్దంది. పోలీసు మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

దొంగతనం జరగలేదని రిపోర్టు రాసి, 1:42 రైలుకి బయల్దేరాడు జగన్మోహన్. రుచిత మెట్ల దాకా వెంట వచ్చింది. వీసా సంగతి అడుగుతుందనుకున్నాడు.

"అన్నా, ఇంకొంచెంసేపు ఉంటరా? మనిషితోని ఎదురుంగ తెలుగు మాట్లాడి నెల దాటింది."

జగన్మోహన్ గుర్తుచేసుకున్నాడు. తనకు మూడు నెలలు.

మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏ ఊరు మీది?"