ఏటి ఒడ్డు కుటీరం తలుపు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా మరదలు. అడవిలో బుద్ధుడి ధ్యాన కేంద్రంలో వంట చేస్తుంది. ముప్పై ఏళ్ల కిందట నేను చేసిన పీట కుంటుతోందని నలుగురిలో అంది. నేను మర్చిపోలేదు. ఆమె నన్ను వెనకేసుకొచ్చి అబద్ధమాడే మనిషి కాదని చెప్పడానికే ఇది.

అక్కడ ఏటి ఒడ్డున చివరి కుటీరానికి చెడ్డపేరు. లోపల ఎవరూ లేకపోయినా... లోపల్నుంచే తలుపు తడతారట.

ఒక వానాకాలం ఆ కుటీరం ఒక పంతులమ్మకి వచ్చింది. తల్లి పోయి ఏడాది. ఆ ఏడాదీ ఆమెకి కంటిమీద కునుకు లేదు. అక్కడ పది రోజులు నోరు విప్పకూడదు. విప్పితే సంచి సర్దుకోవాల్సిందే.

"ఈ పది రోజులూ నిలబడలేకపోతే ఇక నాకు శాంతి లేదక్కా" అందట మా మరదలితో, వచ్చినరోజు.

తొమ్మిదోనాడు, తెల్లవారుజామున గంట కొట్టారు. పంతులమ్మ గడియ తీసి తలుపు తోసింది.

కదల్లేదు.

భుజం పెట్టి తోసింది. ఊహూఁ. కిటికీ లేదు. పైన పిడికిలంత కంత. దీపం కొండెక్కింది. చీకటి... ఏటి హోరు...

తట్టింది. ధ్యానానికి వెళ్లేవాళ్లంతా విన్నారు. విని — అడుగు జోరు పెంచారు.

ఒక్క కేక వేస్తే వచ్చేవాళ్లే. వేయలేదు. ఎనిమిది రోజులు బిగపట్టిన నోరు!

తెల్లారింది. జావ పోస్తుంటే మా మరదలికి ఒక గిన్నె మిగిలింది. చూస్తే పంతులమ్మ లేదు. పరుగున వెళ్లింది. తట్టుడు లేదు. అలికిడి లేదు.

"లోపల ఉన్నావా తల్లీ..."

ఒక్క వేలితో లాగింది. తలుపు వచ్చేసింది. దానికి వీపు ఆన్చి నిద్రపోతున్న పంతులమ్మ వెల్లకిలా వచ్చి ఈమె కాళ్ల మీద పడింది!

మర్నాడు సాయంత్రం, పదో రోజూ ముగిసి మౌనం విప్పాక పంతులమ్మ గుసగుసగా అడిగింది.

"అక్కా, తలుపుకి అవతల అంతసేపు కూర్చున్నదెవరు?"

"ఎవరూ లేరమ్మా. నేనప్పుడే వచ్చా."

"ఉన్నారు. నేను తోస్తే అట్నుంచి తోశారు. ఇక తోయడం మానేసి, వీపు ఆన్చి ఊపిరి చూసుకుంటూ కూర్చున్నా... అవతలా ఊపిరి. నాతోపాటే లోపలికి, నాతోపాటే బయటికి. భయం పోయింది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు."

ఇదీ జరిగింది. మరి ఉలికీ బాడిసెకీ తేడా తెలియని ఆ కేంద్రం మేనేజరు తన పుస్తకంలో ఏం రాశాడు? 'వానకి తలుపు ఉబ్బి బిగుసుకుంది. వడ్రంగి పని బాలేదు.'

ఆ వడ్రంగిని నేనే. నాలుగు వైపులా అగ్గిపుల్ల మందం సందు వదిలాను. తలుపు బయటికి తెరుచుకుంటుంది, బయట గడియే లేదు. మనిషి బరువంతా ఆనినా రాని తలుపు ఒక్క వేలికి ఎలా వచ్చిందయ్యా?

నాకు సంతకం వరకే చెయ్యి తిరుగుతుంది, ఇది రాసేసరికి రెండు రోజులు పట్టింది. అక్షరం బాగా వచ్చినవాళ్లెవరైనా వెళ్లి ఆ ముక్క కొట్టేయండి. తలుపు బిగుసుకోలేదు, అవతల ఎవరో కూర్చున్నారు — అని రాయండి.