శీలావతి వాటా

కుంతలగిరి రాజ్యానికి ప్రాణమైన వెండేరు, తొలకరి వానలు పడుతుండగానే ఉన్నట్టుండి ఆగిపోయింది. విచిత్రమేమిటంటే పొలాల కాలువలు నిండుగా ఉన్నాయి, ఊళ్ళో నీళ్ళకు లోటు లేదు, కోట కొలనులో తామరలు విరగబూశాయి. ఏట్లో మాత్రం ఇసుక తేలింది.

కారణం అందరికీ తెలిసిందే. రాజు రత్నకేతుడు గండశిలుడనే రాక్షసుడి చేత ఎగువన ఆనకట్ట కట్టించాడు. కూలి ఏం కావాలని అడిగితే, "ఎవరి వాటాలోనూ లేని నీరంతా నాది" అన్నాడు రాక్షసుడు. సరేనని రాజు సభ పెట్టి వాటాలు పంచాడు. రైతులు తమ వాటా అడిగారు, పురజనులు అడిగారు, కోటవారు అందరికంటే గట్టిగా అడిగారు. మిగిలినదంతా రాక్షసుడు పట్టుకుపోయాడు.

"ఏటి వాటా నువ్వు అడగనేదా నానా?" అని నిలదీసింది నూకాలు. ఆమె తండ్రి సింహాద్రి జాలర్లపల్లె పెద్ద. ఆ రోజు సభలో అతనూ ఉన్నాడు.

"ఏట్లో నీళ్ళు ఏరువి కావా మరి? ఇది కూడా నోరిప్పి సెప్పాలా అనుకున్నానమ్మా!" అని అతను తల దించుకున్నాడు.

ఆ పల్లెలో వల లాగగానే చేపలను పంచుకుంటారు. పడవకొక వాటా, వలకొక వాటా, మనిషికొక వాటా. అన్నిటికంటే ముందు, గుడ్లతో ఉన్న చేపలను తిరిగి నీళ్ళలో వదులుతారు. అది ఏటి వాటా. తాతల నాటి నుంచి చేస్తున్న పని కనుక, తెలియనివాళ్ళు కూడా ఉంటారని పాపం సింహాద్రికి తట్టనే లేదు.

చివరి మడుగులో ఏవో పిల్లచేపలు కాక, ఒకే ఒక్క శీలావతి చేప మిగిలింది, నిండు కడుపుతో. పున్నమిలోగా ఎగువనున్న గులకరాళ్ళ రేవులో గుడ్లు పెట్టకపోతే వెండేట్లో ఇక శీలావతి అన్నదే ఉండదు. పున్నమి మూడు రోజుల్లో ఉంది. నూకాలు ఆ చేపను నీళ్ళకుండలో వేసి తలకెత్తుకుంది.

"నువ్వు సెప్పనేదుగా నానా, నేనెల్లి సెప్పొత్తాను."

పన్నెండేళ్ళ పిల్ల రాక్షసుడి దగ్గరికి పోవడమేమిటని పల్లెవాళ్ళంతా గోల చేశారు. తోడు వస్తామని మాత్రం ఒక్కరూ అనలేదు. సింహాద్రి లేవబోయాడు కానీ, మడుగులో మిగిలిన పిల్లచేపలను కాకుల నుంచి కాచే పని అతనికి అప్పగించి ఆమె బయలుదేరింది.

మొదటి రోజు ఎండిన ఏటి నడుమ ఒక ముని కనిపించి, "దాహం, తల్లీ! ఆ కుండ ఇలా ఇవ్వు" అన్నాడు.

"దోసెడు ఇత్తాను సామీ. మిగిలింది సేప వాటా. అది ఇవ్వడానికి నాకే అధికారం నేదు."

ముని దోసెడే తాగి నవ్వాడు. "గండశిలుడిని బతిమాలకు, భయపెట్టకు. అతను ఆడినమాట తప్పడు. ఆ మాటనే పట్టుకో."

రెండో రోజు కొండచరియ అడ్డం వచ్చింది. దాని కింద దున్నపోతంత నీటికుక్క పడుకుని ఉంది. "చేప వాసన వస్తోంది. ఇస్తేనే దారి" అని గుర్రుమంది. నూకాలు తన మూటలోని ఎండుచేపలన్నీ దాని ముందు కుమ్మరించింది. అవే ఆమెకున్న తిండి. నీటికుక్క పొట్ట నిండా మేసి, బుద్ధిగా ఆమెను వీపున ఎక్కించుకుని చరియ దాటించింది.

మూడో రోజు ఆనకట్ట చేరేసరికి ఆకలితో నూకాలు కళ్ళు తిరుగుతున్నాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. కుండలో నీళ్ళు చేప వీపును తాకీ తాకనట్టున్నాయి.

గోడ మీద కూర్చున్న గండశిలుడు వంగి చూశాడు. "నీళ్ళు నెత్తిన పెట్టుకుని దాహంతో చస్తున్నావేం, పిల్లా?"

"ఇవి నావి కావు సామీ, సేపవి. వాటా ఉన్న నీళ్ళు నీవి కూడా కావు. మాట నువ్విచ్చిందే."

రాక్షసుడు ఉలిక్కిపడ్డాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, వాటా ఎంతో నీ చేపనే చూపమను. మూడు సార్లు వదులుతాను. ఎదురీదితే ఇస్తాను, లేకపోతే లేదు."

ఆమె చేపను గోడ కింద, గులకరాళ్ళ రేవుకు దిగువనున్న గుంటలో వదిలింది. రాక్షసుడు తూము తెరిచి చీలమండలోతు నీరు వదిలి మూశాడు. చేప పక్కకు ఒరిగి నోరు తెరిచింది. మోకాలిలోతు వదిలి మూశాడు. చేప తల తిప్పింది, అంతలో నీరు పోయింది.

నూకాలుకు ఏడుపు ముంచుకొచ్చింది. మిగిలింది ఒక్కసారే. అప్పుడు ఆమెకు పల్లెలో రోజూ చూసే సంగతి గుర్తొచ్చింది. వచ్చిపోయే నీటిని చేప నమ్మదు.

"నడుంలోతు తియ్యి సామీ! తీసి మూయకు. అలాగే ఉంచు."

నీరు వచ్చింది, ఆగలేదు. చేప కదల్లేదు. రాక్షసుడు తూము వైపు చెయ్యి చాపాడు. "ఆగు సామీ, ఇంకొంచెం!" అని నూకాలు అరిచింది. చేప తోక ఒక్కసారి ఆడించి, ప్రవాహానికి ఎదురెక్కి, గులకరాళ్ళ మధ్య గుడ్లు విడిచింది.

నూకాలు నీళ్ళలో చతికిలబడి, ఏడుస్తూనే కడుపారా తాగింది. గండశిలుడు తూము తలుపు పీకి కొండల అవతలికి విసిరేశాడు. "ఇది మీ చేప వాటా. ఇక దీన్ని నేనైనా మూయలేను."

తిరుగు దారిలో ఏరు ఆమె పక్కనే నడిచింది. పల్లె పొలిమేరలో సింహాద్రి నడుంలోతు నీళ్ళలో పరుగెత్తుకొచ్చి కూతుర్ని భుజానికెత్తుకున్నాడు. పిల్లచేపలన్నీ బతికే ఉన్నాయి. రత్నకేతుడు స్వయంగా వచ్చి తన తప్పు ఒప్పుకుని, నూకాలును వెండేటికి ఏలికను చేశాడు.

మరుసటి ఏడు వాటాల సభలో రాజు ఇంకా సింహాసనం మీద సర్దుకుని కూర్చోలేదు. కోటవారు నోరు తెరవలేదు. సింహాద్రి లేచి, కొలనులో కప్పలు ఎగిరిపడేలా కేక పెట్టాడు.

"ముందు ఏటి వాటా!"