మబ్రూకా చక్రం దగ్గర పోయే గాలి

మా ఊరికీ కఫ్ర్ నఖ్లాకీ మధ్య, కాలవ గట్టు మీద, ఒక పాత నీటి చక్రం ఉంది. దాన్ని తిప్పే గేదె నా చిన్నప్పుడే చచ్చిపోయింది. అయినా చీకటి పడ్డాక అది తిరుగుతుందని ఊళ్ళో సగం మంది చెబుతారు. మిగతా సగం మంది ఏమీ చెప్పరు... చీకటి పడ్డాక అటు వెళ్ళరు, అంతే.

మబ్రూకా అనే ఆవిడ నీళ్ళకెళ్ళి అక్కడే మునిగిపోయిందట. అప్పట్నించీ దారినపోయే మగాళ్ళని పిలుస్తుందట. అలా పిలిచేదాన్ని మావాళ్ళు నద్దాహా అంటారు. తిరిగి చూశావా — ఇంక ఇంటికి రావు. అందుకే మా పిల్లలకి నడక రాగానే నేర్పే మాట ఇది: గట్టు మీద ఎవరు పిలిచినా పలకొద్దు, వెనక్కి చూడొద్దు.

ఈ విషయంలో నాకు నిష్ఠ చాలా ఎక్కువ. పట్టపగలు కూడా చూడను. మా ఆవిడ పిలిచినా చూడను.

నా పేరు బయ్యూమి. పొద్దున్నే బండి మీద ఉడికించిన బాకలా చిక్కుడు గింజలు అమ్ముకుంటాను. మధ్యాహ్నం నించి ఇరుగుపొరుగు మోటారుసైకిళ్ళు పాడుచేస్తాను. మొహమాటానికి వాళ్ళు దాన్ని రిపేరు అంటారు.

ఇది మా పిన్ని కొడుకు ఆశూర్‌కి జరిగింది. మా రెండిళ్ళకీ పెరడు ఒకటే. గట్టు మీది సంగతి వాడు చెప్పిందే చెబుతున్నాను. పెరట్లో సంగతి మాత్రం — నా కళ్ళారా చూశాను. అంటే, కళ్ళు తెరిచి ఉన్నంతసేపు.

ఆశూర్‌కి కఫ్ర్ నఖ్లాలో హాజీ తుల్బా కూతురు నఈమాతో పెళ్ళి కుదిరింది. ఉంగరాలు మార్చుకున్నారు. ముహూర్తం మాట్లాడాలి. మొదటిసారి రాత్రి నమాజు తర్వాత రమ్మన్నారు. వీడు బస్‌బూసా మిఠాయి పళ్ళెం మోటారుసైకిలుకి కట్టుకుని బయల్దేరాడు.

చక్రం దగ్గరికొచ్చేసరికి రోడ్డు అంతా గోతులు. బండి ఎగిరెగిరి పడుతోంది. అప్పుడు... వెనకనించి...

'స్స్స్...'

మా దేశంలో వీధిలో మనిషిని ఆపాలంటే పేరు పెట్టి అరవం. అలాగే పిలుస్తాం.

'స్స్స్...'

వీడు తిరగలేదు. తల్లి పెంపకం అది. మెడ బిగించుకుని వెళ్ళాడు. నాలుగు బారలు పోయేసరికి బండి వెనకభాగం పాములా మెలికలు తిరిగింది. దిగాడు. వెనక్కి చూడకుండా చేత్తో తడిమాడు. టైరు గుడ్డలా ఉంది.

బండిని నెట్టుకుంటూ చేరేసరికి దీపాలార్పేశారు. హాజీ తుల్బా గుమ్మంలో నిలబడి అడిగాడు: "ఎక్కడున్నావురా ఇంతసేపూ?"

"టైరు... మబ్రూకా..."

"ఓహో. ఆవిడకి నీ టైర్లో గాలి కావలసొచ్చిందా?"

రెండోసారీ అంతే. అదే చోటు, అదే పిలుపు, అదే గుడ్డ. ఈసారి హాజీ తుల్బా నవ్వలేదు.

"చూడు బాబూ. గురువారం పిల్ల మేనమామలొస్తారు. నమాజు అయ్యేసరికి నువ్వు మా చాప మీద ఉండాలి. లేదంటే శుక్రవారం పొద్దున మీ ఉంగరం మీ అమ్మకి పంపించేస్తాను."

మొదటిసారికీ రెండోసారికీ మధ్యలో వాడు బండిని నా దగ్గరికి తెచ్చాడు. తప్పు నాది కాదు, వాడిది.

టైరు లీవర్లు లేక పిన్ని వంటింటి గరిటెలతో టైరు విప్పాను. అందుకు తిట్లు తిన్నాను. వెనక చక్రం వాల్వుకి పిన్ని, పెళ్ళి కుదిరినప్పుడే, ఒక తాయెత్తు కట్టి ఉంచింది — నీలంపూస, దాని కింద తోలుసంచీ, అందులో షేకుగారు రాసిచ్చిన చీటీ. నద్దాహా వెనకనించి వస్తుంది కదా, అందుకని వెనక చక్రానికి. దాన్ని భక్తిగా విప్పి, ముద్దుపెట్టుకుని, కిటికీలో పెట్టాను. ట్యూబు బయటికి లాగి గాలి కొట్టి, బట్టలుతికే తొట్టిలో ముంచి, అంగుళం అంగుళం తిప్పాను.

ఒక్క బుడగ రాలేదు.

సబ్బునురగ రాసి చూశాను. బుడగ లేదు. రాత్రంతా వేలాడదీశాను. తెల్లారేసరికి రాయిలా ఉంది.

"చిల్లు లేదురా," అన్నాను.

"మరి గాలి?"

నా విద్య అక్కడితో అయిపోయింది. అన్నీ బిగించి, తాయెత్తు మళ్ళీ కట్టేశాను. రెండోసారి గాలి పోయినప్పుడూ నేను చేసింది అదే. పిన్ని మాత్రం ఊరుకోలేదు. షేకుగారి దగ్గరికి వెళ్ళి ఇంకాస్త బరువైన తాయెత్తు తెచ్చింది.

గురువారం వచ్చింది.

సాయంత్రం ఆశూర్ బండిని మా పెరట్లోకి తోసుకొచ్చాడు. చొక్కాకి ఇస్త్రీ ఉంది, మొహానికి లేదు.

"అన్నా, ఒక్కసారి చూడు. ఆఖరిసారి."

"చూసి చూసి నా కళ్ళే పంక్చరయ్యాయిరా."

"ఉంగరం వెనక్కొస్తే మా అమ్మ మంచమెక్కుతుంది. నేను... ఏమో నాకు తెలీదు. నఈమా మాట్లాడ్డం మానేసింది."

ఇక చూడక తప్పలేదు. ట్యూబు లాగుతుంటే కరెంటు పోయింది. పిన్ని లాంతరు తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టింది. పెరడు సగం వెలుగు, సగం చీకటి. కాలవ వైపు కప్పలు కూడా ఊరుకున్నాయి.

కొత్త తాయెత్తుని పిన్ని మూడు ముళ్ళేసి కట్టింది. చీకట్లో ఆ ముళ్ళు రాలేదు. ఎప్పుడూ చేసే మర్యాద మానేసి, గాలి కొట్టి, తాయెత్తుతో సహా ట్యూబుని తొట్టిలోకి దింపాను. తిప్పాను. బుడగ లేదు.

"చెప్పానా," అంటూ చేతికందిన దాన్ని పట్టుకుని ట్యూబుని పైకి లాగాను.

చీకట్లోంచి... మా కాళ్ళ దగ్గరనించి...

'స్స్స్స్...'

పిన్ని చేతిలో గ్లాసు కింద పడింది. ఆశూర్ నా మెడ పట్టుకున్నాడు. నేను చేసిన వీరోచితమైన పని ఏమిటంటే — కళ్ళు మూసుకున్నాను.

"ఇంటిదాకా వచ్చేసింది..." గుసగుసగా అంది పిన్ని.

"వెనక్కి చూడకండి," అన్నాను.

"వెనకాల కాదు అన్నా," అన్నాడు ఆశూర్. "నీ చేతిలో."

కళ్ళు తెరిచాను. నేను పట్టుకుంది తాయెత్తు దారం. దానికి చచ్చిన చేపలా ట్యూబు వేలాడుతోంది. బరువుకి వాల్వు పక్కకి వంగింది. వంగినచోట, వాల్వు మొదట్లో, రబ్బరు సన్నగా నోరు తెరిచి — పిలుస్తోంది.

దారం వదిలాను. నోరు మూసుకుంది. లాగాను. స్స్స్. వదిలాను. నిశ్శబ్దం.

అప్పుడు అర్థమైంది. గోతుల్లో బండి ఎగిరినప్పుడల్లా తాయెత్తు ఊగి వాల్వుని లాగేది. పగులు తెరుచుకునేది. నేనేమో ముంచే ముందు ప్రతిసారీ తాయెత్తుని భక్తిగా విప్పి, ముంచాక అంతకన్నా భక్తిగా కట్టేవాణ్ణి. ఇక ఆశూర్... వెనకనించి పిలుస్తున్న వెనక టైరుని చూడకూడదు కనక చూడలేదు.

"అంటే," అంది పిన్ని నెమ్మదిగా, "నేనే నా కొడుకు సంబంధం..."

"లేదు పిన్నీ. షేకుగారు."

పాత ట్యూబులోంచి గుండ్రంగా ముక్క కోశాను. మధ్యలో చిల్లుపెట్టాను. వాల్వు చుట్టూ గరుకు కాగితంతో గీరి, జిగురు రాసి, ఆరనిచ్చి, ఆ ముక్కని వాల్వుకి ఉంగరంలా తొడిగి అదిమిపట్టాను. పైన పిన్ని రోకలి బరువు. లోపల ఎవరి ప్రార్థన వాళ్ళది. మళ్ళీ ముంచి, వాల్వుని అటూ ఇటూ వంచాను. ఒక్క బుడగ లేదు.

"తాయెత్తు కట్టరా," అంది పిన్ని, అలవాటుగా.

"వద్దు పిన్నీ," అన్నాను. నేను, బయ్యూమిని. తాయెత్తుని కిటికీలో మేకుకి తగిలించాను.

టైము లేదు. తొట్టి ఎత్తి నీళ్ళు చీకట్లోకి గుమ్మరించాను.

"దస్తూర్ అన్నావా?" అడిగింది పిన్ని వెంటనే. రాత్రిపూట నీళ్ళు పారబోసే ముందు ఆ మాటతో నేల కిందున్న వాళ్ళ అనుమతి అడగాలి. లేకపోతే వాళ్ళ నెత్తిన పోసినట్టే.

"అన్నాను," అన్నాను.

అనలేదు.

నా రిపేరు మీద తనకున్న నమ్మకం కొద్దీ ఆశూర్ వెనక నన్నూ ఎక్కించుకున్నాడు. పంపు నా ఒళ్ళో. చక్రం దగ్గరికొచ్చాం. గోతులు. బండి ఎగిరింది, పడింది. టైరు గట్టిగా నేలని తన్నుతోంది. శబ్దం లేదు. ఆశూర్ భుజాలు వదులయ్యాయి. వాడు నవ్వడం నాకు వాడి వీపులోంచి తెలిసింది.

"అన్నా, నువ్వు..."

'స్స్స్...'

నవ్వు ఆగింది.

'స్స్స్...'

నా వెనకనించి. దగ్గరగా. మెడ మీద చల్లగా.

"టైరేనా అన్నా?" వాడి గొంతు.

చెయ్యి కిందికి దింపి టైరు తడమొచ్చు. కానీ వెనకాల ఏముందో దానికి నా చెయ్యి ముందు తగిలితే?

"పోనీ," అన్నాను.

కఫ్ర్ నఖ్లాలోకి మేం ఎలా వచ్చామో మాకు తెలీదు. హాజీ తుల్బా ఇంటి ముందు ఆగేసరికి నమాజు ఇంకా మొదలే కాలేదు. మేనమామలు కూడా రాలేదు. హాజీ తుల్బా అరుగు మీదనించి లేచాడు. జీవితంలో మొదటిసారి వీణ్ణి చూసి సంతోషించాడు.

"బాబూ, ఇంత పెందరాళేనా! లోపలికి రా. ముహూర్తం ఈ రాత్రే పెట్టేద్దాం." టైరు వైపు చూశాడు. "గాలి ఉందే. దారిలో ఏమైనా వినబడిందా?"

"లేదు మామయ్యా," అన్నాడు ఆశూర్.

"లేదు," అన్నాను నేను.

ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు. తర్వాత, మా వెనకున్న చీకటిని చూడకుండా, జాగ్రత్తగా తలుపు మూసి రెండు గడియలూ వేశాడు.

"వినబడినా తిరిగి చూడకూడదు," అన్నాడు మెల్లగా. "నేనెప్పుడూ చూడలేదు."

ఆ రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్నే లేచి అందరికన్నా ముందు టైరు దగ్గరికి వెళ్ళాను. బొటనవేలితో నొక్కాను. రాయి. ఉమ్మి రాసి చూశాను. బుడగ లేదు.

ఇన్నేళ్ళుగా టైర్లతో వేగుతున్నాను. ఒక్క చిల్లైనా దొరికితే బాగుండునని దేవుణ్ణి అంతగా వేడుకున్నది ఆ పొద్దున్నే.