ఇనపతలుపు అవతలి అతిథి

ఆ ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసే కటింగ్ గది పేరెత్తితే పాతవాళ్ళు మాట మార్చేసేవారు. వెనకటికి అక్కడ ఒక కటింగ్ మాస్టారి చెయ్యి బ్లేడు కింద పడి మణికట్టు దాకా తెగిపోయిందట. ఆయన నెత్తురోడుతూనే పక్క స్టోరుగది ఇనపతలుపు దాకా పాక్కుంటూ వచ్చాడట. గడియేమో స్టోరుగది వైపుంది. బాదాడు... బాదాడు... మిషన్ల హోరులో ఎవరికీ వినపడలేదు. తెల్లారి తలుపు తీస్తే ఇటువైపు శవం ఒరిగింది. అప్పట్నుంచీ చీకటిపడితే ఆ తలుపు దానంతటదే మోగుతుందని చెప్పుకునేవారు.

తీగల బావ ఇవన్నీ విని నవ్వేవాడు. కంప్యూటర్లూ వైర్లూ చూసుకునే మనిషతను. కటింగ్ పని చేసే బావమరిది “బావా” అంటుంటే ప్రెస్సంతా, యజమానితో సహా, అలాగే పిలవడం మొదలెట్టింది. కటింగ్ గదిలో ఫోన్‌కి సిగ్నల్ అందదు. అందుకే ఎవరికేం జరిగినా ప్రెస్సులోని తెరలన్నిటి మీదా కబురు మోగేలా, బయటి ఇంటర్నెట్‌తో పనిలేకుండా ప్రెస్సు వైఫై మీదే నడిచే సొంత చాట్ సర్వర్ పెడతానని తనే పూనుకున్నాడు. బావమరిది చేతులు రోజూ ఆ బ్లేడు దగ్గరే కదా మరి. మా తమ్ముడికేమన్నా అయితే గడప తొక్కొద్దని భార్య ముందే చెప్పేసింది.

స్టోరుగదిలో, ఆ ఇనపతలుపు పక్కనే, ఒక ముసలి కంప్యూటర్ని దుమ్ము దులిపి కూర్చోబెట్టాడు. సాయంత్రం బావమరిది క్యారేజీ పట్టుకుని గేటు దాటడం కళ్ళారా చూశాడు. రాత్రయ్యేసరికి సర్వర్ లేచింది. బావ అందులోకి మొదటగా అడుగుపెట్టాడు. ఉన్నవాళ్ళ జాబితాలో ఒక్కటే పేరు, తనది. ఒంటరిగా కూర్చుని తెగ మురిసిపోయాడు.

టింగ్ మంది.

‘అతిథి 1 వచ్చారు.’

పేరు చెప్పకుండా వచ్చినవాళ్ళకి సర్వర్ తగిలించే పేరది. కానీ ఎవరు? సర్వర్ లేచిందని ఇంకా ఎవరికీ చెప్పందే! ఎక్కడినుంచి వచ్చారో చూపించే అంకెలు చూశాడు. అవి ఈ కంప్యూటర్‌వే. అంటే వచ్చినవాళ్ళు ఈ గదిలోనే ఉండాలి. గదిలో ఉన్నది తనొక్కడే...

‘చెయ్యి ఇరుక్కుంది.’

అప్పుడే ఇనపతలుపు అవతల... ధన్. మళ్ళీ ధన్. మిషన్ల హోరు మధ్య ఏదో మూలుగు.

‘తలుపు తియ్యి.’

భయం వేస్తే చదువుకున్నదంతా చెప్పులతోపాటు బయటే ఉండిపోతుంది. బావ బరబరా బల్ల ఈడ్చి తలుపుకి అడ్డం పెట్టాడు. సుత్తి తీసుకుని తలుపు మీద పిచ్చిపట్టినట్టు బాదుతూ, “పో... పో ఇక్కణ్ణించి,” అని గొణిగాడు. అవతల మోత ఆగిపోయింది.

టింగ్.

‘అతిథి 2 వచ్చారు.’

‘ఈసారైనా తియ్యండి.’

ఆ మాట దగ్గర బావ చేతిలో సుత్తి ఆగింది. ఈసారైనా... ఎంతసేపు బాదాడో పాపం ఆ మాస్టారు! దెయ్యమే అయితే అయింది, చంపితే చంపింది. ఇంకోసారి ఆ తలుపు మూసి ఉంచడం తనవల్ల కాదనుకున్నాడు. బల్ల తోసేశాడు. గడియ తుప్పుపట్టి కదల్లేదు. నాలుగు దెబ్బలకి ఊడి కిందపడింది.

అవతల దెయ్యం లేదు. తలుపుని కాలితో తన్నేంత దూరంలో, కటింగ్ మిషన్ ముందు బావమరిది వేలాడుతున్నాడు. కాగితాల కట్టని అదిమిపట్టే ఇనపదిమ్మె అతని కుడిచేతిని నలిపేసింది. తెల్లటి కట్ట సగం ఎర్రగా నానిపోయింది. బావ గడ్డపార దూర్చి, భుజం పెట్టి, ఏడుస్తూ దిమ్మె లేపాడు. ఎముకల చప్పుడు వినపడింది.

మూడు వేళ్ళు పోయాయి, ప్రాణం దక్కింది. ఇంకాస్త ఆలస్యమైతే నెత్తురంతా పోయేదన్నాడు డాక్టరు. సాయంత్రం గేటు బయటే సూపర్‌వైజరు అర్జంటు పనుందని బావమరిదిని వెనక్కి తిప్పాడట.

ఆస్పత్రి మంచం మీద బావమరిది అన్నాడు: “నువ్వు బల్ల అడ్డం పెట్టడం నాకు తెలిసింది బావా. అక్కతో చెప్పనులే.”

బావ తల ఎత్తలేకపోయాడు. మూడో కబురు చూశాకే తీశానని గొణిగాడు.

“మూడోదేంటి? రెండే కొట్టాను. ఫోన్ జారి మిషన్ కింద పడిపోయింది.”

బావ మర్నాడు స్టోరుగదికెళ్ళాడు. అప్పటికి బుర్ర పనిచేసింది. ఫోన్లలోంచి వచ్చేవాళ్ళకోసం ముందురోజు మధ్యాహ్నం తనే ఒక దారి పెట్టి, బావమరిది ఫోన్‌లోనే పరీక్షించాడు. ఆ దారిన ఎవరొచ్చినా ఈ కంప్యూటర్ అంకెలే కనిపిస్తాయి. ఓస్, ఇంతేనా అనుకున్నాడు. రెండోవాడూ ఏదో ఫోన్లోంచే వచ్చుంటాడు. తేల్చుకుందామని ఆ దారి మూసేశాడు. దానిగుండా వచ్చినవాళ్ళెవరూ ఇక నిలవరు.

జాబితాలో అతిథి 1 ఎప్పుడో పోయాడు. అతిథి 2 అక్కడే ఉన్నాడు.

బావ చాలాసేపు ఆ పేరునే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక్కమాట కొట్టాడు.

‘తీశానండి.’

టింగ్.

‘అతిథి 2 వెళ్ళిపోయారు.’

ఆ తలుపుకి మళ్ళీ గడియ పెట్టనివ్వలేదు బావ.