అష్టమి నాడు ఆగని డిస్క్

శుక్రవారం. ఉదయం పదీ నలభై.

కమలిని కనబడక రెండు రోజులు దాటింది.

ఆళ్లగడ్డలో ఆ ఇంటి ముందు ఎస్సై రజిని జీపు దిగింది. మనిషి కంటే ముందు పార్థసారథి గొంతు బయటికి వచ్చింది.

"బూట్లు ఆడనే విప్పు. విప్పకుండా లోపలికి రావద్దు."

రజిని విప్పింది. నల్లమలలో గూడెం నుంచి వచ్చిన మనిషి. ఇలాంటి గొంతులు ఆమెకు కొత్త కాదు.

పార్థసారథి అహోబిలం నుంచి వచ్చి స్థిరపడిన పండితుడు. తాటాకు గ్రంథాలు అచ్చు వేయిస్తాడు. కొడుకు మాధవ్, శిష్యుడు త్రివిక్రమ్ ఆయనకు సాయం. ఆరేళ్లుగా ఆ ఆకులన్నీ చదివి లాప్‌టాప్‌లోకి ఎక్కించింది మాత్రం కూతురు కమలిని.

ఫిర్యాదు ఇచ్చింది తల్లి, పుండరీకవల్లి. ఇంట్లో అందరూ వద్దన్నా ఆటో ఎక్కి తొమ్మిదింటికి స్టేషన్‌కు వచ్చింది.

"పోయింది. పోతూ చీటీ పెట్టింది. ఇంక పోలీసులెందుకు?" మాధవ్ ఒక కాగితం విసిరినట్టు ఇచ్చాడు. బుధవారం ఉదయం లాప్‌టాప్‌లో చూసి తనే ప్రింట్ తీశాడట.

'అమ్మా, నేను వెళ్తున్నాను. నా కోసం వెతకవద్దు.' అంతే.

పుండరీకవల్లి గోడ తడుముకుంటూ వచ్చింది.

"నాకు అక్షరం కనబడక రెండేండ్లయింది తల్లీ. పుస్తకాలు చదివి, ఆ గొంతు మిషన్‌లో పెట్టి వినిపించేది అదే. అట్లాంటిది నాకు చీటీ రాస్తాదా? పోతే పోనీ. నాకు చెప్పకుండా పోయిందంటే మాత్రం నమ్మను."

"ఆ లాప్‌టాప్ యాడుంది?"

పార్థసారథి అడ్డం వచ్చాడు. "ఈ రోజు అష్టమి. అనధ్యయనం. గ్రంథం విప్పం, గ్రంథం ఉన్న పెట్టెనూ తెరవం. నిన్న సాయంత్రం ఆరింటికి నేనే ఆపి, ప్లగ్గు పీకి, పట్టుగుడ్డ కప్పినా."

"తర్వాత ఎవరూ ముట్టలేదా?"

"మా ఇంట్లో ముట్టరు."

"నేనైతే ఆ గదిలోకే పోలేదు," అన్నాడు మాధవ్. త్రివిక్రమ్ తల ఊపాడు.

రజిని గదిలోకి వెళ్లి పట్టుగుడ్డ మీద చెయ్యి వేసింది.

వెచ్చగా ఉంది.

గుడ్డ లాగేసింది. స్క్రీన్ చీకటిగా ఉంది. కానీ అంచున చిన్న లైటు ఆగకుండా మినుకుమంటోంది. లోపల హార్డ్ డిస్క్ కరకరమంటోంది. ప్లగ్గు గోడకు పెట్టే ఉంది.

"ఏంది స్వామీ? మీరు పీకిన ప్లగ్గు ఇదేనా?"

పార్థసారథి వంగి ప్లగ్గును చూశాడు.

"పాత మిషన్ మేడం, ఎప్పుడూ ఇంతే," అన్నాడు త్రివిక్రమ్.

"అప్‌డేట్ పడతాంటాది," అన్నాడు మాధవ్.

"ఇంట్లో ఇంటర్నెట్ ఉందా?"

"కమలిని ఫోన్ నుంచే వచ్చేది," అన్నాడు త్రివిక్రమ్.

"ఆమె లేదు, నెట్ లేదు. అప్‌డేట్ ఆకాశం నుంచి ఊడిపడతాందా అప్పా?"

మాధవ్ ముఖం ఎర్రబడింది. "అయితే వైరస్ స్కాన్. ఒంటిగంటకల్లా అదే ఆగుతాది. గుడ్డ కప్పు. మైల చేసింది చాలు."

రజిని నంద్యాలలో లాప్‌టాప్‌లు బాగుచేసే శివకు ఫోన్ చేసింది.

"శివన్నా, డిస్క్ ఆగకుండా తిరుగుతాంది. ఏం చెయ్యల్ల?"

"ఊరికే తిరగదు మేడం. ఎవరో తిప్పుతాంటారు. టాస్క్ మేనేజర్ తెరిచి, డిస్క్ అని ఉన్న కాలమ్ మీద నొక్కు. ఎక్కువ వాడేది పైకొస్తాది. దాని పేరు చెప్పు."

రజిని చదివింది. అవతల గొంతు మారిపోయింది.

"అది తుడిచే ప్రోగ్రామ్ మేడం! డిలీట్ చేసిన ఫైల్ మళ్లీ దొరక్కుండా ఖాళీ జాగా అంతా సున్నాలతో నింపుతాది. ఎంత అయింది?"

"యాభై ఆరు శాతం."

"షట్‌డౌన్ చెయ్యొద్దు, అప్పుడూ డిస్క్ మీద రాస్తాది. ప్లగ్గు పీకు. బ్యాటరీ ఊడదియ్యి. తొందరగా!"

మాధవ్ బల్లకు అడ్డం నిలబడ్డాడు. "చెయ్యి పెట్టినావంటే మర్యాదగా ఉండదు."

"మర్యాద బూట్లతో పాటు గడప దగ్గరే విప్పినా. జరుగు."

బ్యాటరీ ఊడింది. లైటు ఆరింది.

పదీ యాభై.

"అందరూ జీపెక్కండి. నంద్యాల పోదాం."

సాయంత్రం అయిదూ పది. శివ షాపు.

శివ ఆ డిస్క్‌ను బయటికి తీసి, దాని మీద కొత్తగా ఏమీ రాయకుండా, వేరే కంప్యూటర్‌కు తగిలించి గంటల తరబడి వెతికించాడు. పుండరీకవల్లి పొద్దుటి నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు. పార్థసారథి వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

"దొరికింది మేడం. ఒక ఆడియో."

రజిని లేచి ఇంటివాళ్ల వైపు తిరిగింది.

"శివన్న డిస్క్‌లో చూసినాడు, తుడవడం మొదలైంది ఈ పొద్దున ఎనిమిదీ అయిదుకు. అది పూర్తి కావాలంటే దాదాపు అయిదు గంటలు. అంతసేపు ఆ లైటు ఎవరి కంటా పడకూడదు. మామూలు రోజైతే ఎవరో ఒకరు చూస్తారు. అష్టమి నాడు మీ ఇంట్లో ఆ గుడ్డ ఎవరూ ఎత్తరు. ఆ నియమాన్నే దొంగ కాపలా పెట్టుకున్నాడు."

"మాలో ఎవరని?" అన్నాడు త్రివిక్రమ్.

"ఒంటిగంటకల్లా ఆగుతాదని చెప్పిందెవరు? ఎప్పుడు ముగుస్తాదో మొదలుపెట్టినోని కళ్ల ముందే కనబడతాది. గదిలోకే పోని మనిషికి ఎట్లా తెలిసింది మాధవ్?"

"ఏదో నోటికొచ్చింది చెప్పినా."

"లెక్క వేసినా. యాభై ఆరు శాతం పదీ యాభైకి. నూరు, సరిగ్గా ఒంటిగంటకు. బుధవారం ఈ ఆడియో డిలీట్ చేసి, దొంగ చీటీ రాసి ఊరుకున్నావ్. నిన్న రాత్రి అమ్మ పోలీస్ స్టేషన్ అనేసరికి భయం పట్టింది."

శివ మౌస్ నొక్కాడు. కమలిని గొంతు.

"అమ్మా, ఎదురుగా చెప్తే పోలేను. అందుకే ఇందులో చెప్తాండా. ఆరేండ్లు నేను ఎక్కించిన గ్రంథం మీద అన్న తన పేరు వేసుకున్నాడు. అడిగితే, ఆడదాని పేరెందుకన్నాడు నాయన. బెంగళూరు లైబ్రరీలో నాకు పని దొరికింది. శుక్రవారం దాకా డోన్‌లో నాతో చదివిన శ్రీజ ఇంట్లో ఉంటా. ఆ సాయంత్రం అయిదున్నరకు రైలు. నువ్వొస్తానంటే నిన్నూ తీసుకుపోతా. పాత నంబరు తీసేసినా. ఈ కొత్త నంబరుకు నీ ఫోన్ నుంచే చెయ్యి, వేరే నంబరు ఎత్తను. చెయ్యకపోతే నీదీ వాళ్ల మాటే అనుకుంటా. ఇంక పిలవను."

తర్వాత పది అంకెలు.

పార్థసారథి మెల్లగా ఇటు తిరిగాడు.

"మాధవా, అష్టమి నాడు పెట్టె తెరిచినావా?"

పుండరీకవల్లి ఆ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"పిల్ల పోయిన రోజు ఒక్క మాట అడగలేదు మీరు. పెట్టె తెరిచినాడని అడుగుతాండారు."



పుండరీకవల్లి ఫోన్‌లో ఆ పది అంకెలూ రజినే నొక్కి, ఆమె చెవికి ఆనించింది. అయిదూ ఇరవై ఎనిమిది.

ఒక రింగు. నాలుగు. ఏడు.

ఎత్తారు. మాట లేదు. రైలు కూత మాత్రం వినిపించింది.

"దిగవే," అంది పుండరీకవల్లి. "నేనూ వస్తాండా. దిగు."